వదలని చలి: ఒక వ్యాధికారణమును గనుగొనిన చరిత్ర



చలికాలమున చలి వేయుట లోకసహజము. పుష్యమాసమున తెల్లవాఱుజామున నెగడు చుట్టును జేరి కూర్చుండువారిని జూచి యెవ్వరును వింతపడరు. కాని వైశాఖమాసమున, ఊరివారందఱు విసనకఱ్ఱలు చేతబట్టి యరుగులపై గూర్చుండి గాలికై యెదురుచూచుచుండగా, ఒకరు మాత్రము దుప్పటి గప్పుకొని "చలి, చలి" యనుచుండుట పలువు రెఱిగినదే. ఆ మాట వినినప్పుడు మనవారు సాధారణముగా మూడు సమాధానములలో నొకటి చెప్పుదురు. వృద్ధులైనచో "వయస్సు మీఱినది" యందురు. స్త్రీలైనచో "ఆమె తత్త్వమే యంత" యందురు. ఇతరులైనచో "ఒంటిలో సత్తువ లేదు" అందురు. ఈ మూడును వినుటకు సమాధానములవలె నుండునే కాని నిజముగా సమాధానములు గావు. అవి చెప్పుటతో విచారణ యాగిపోవును. విచారణ యాగిపోవుటయే యిందలి ప్రమాదము.

నేను వైద్యుడను గాను; బడిపంతులుగా బ్రదుకు గడపినవాడను. కాబట్టి నేడు మీకు చికిత్స చెప్పను, చరిత్ర చెప్పెదను. ఎండలోను వదలని చలికి ముఖ్యకారణములలో నొకటి మెడలోని యొక చిన్న గ్రంథియని మనుష్యు లెట్లు తెలిసికొనిరి? దానికి మం దెట్లు దొరకినది? ఆ కథలో మన తెలుగువారి భాగ మెంత? వీనిని వరుసగా మనవి చేసెదను.

మొదట నొక ప్రశ్న. శరీరమునకు వేడి యెక్కడనుండి వచ్చుచున్నది? బయట చలి యున్నను, ఎండ యున్నను, ఆరోగ్యవంతుని లోపలి వేడిమి దాదాపు 37 డిగ్రీలకడ, అనగా పాత లెక్కలో 98.6 డిగ్రీలకడ నిలిచి యుండును. మన యాయుర్వేద శాస్త్రకారులు దేహములో నగ్ని కలదనియు, అన్నము నది పచనము చేయుననియు, అది మందగించినచో సర్వరోగములకు మూలమగుననియు జెప్పిరి. పాశ్చాత్యులు ఆ విషయమునే తూచి చూడ యత్నించిరి. 1782-83 శీతకాలమున పారిస్ నగరమున లవోషియే, లప్లాసు అను నిద్దఱు పండితులు గినీపంది యను చిన్నజంతువును మంచు నింపిన పాత్ర నడుమ నుంచి, దాని యొంటివేడికి గరగిన మంచు నెంతో తూచిరి. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును గూడ గొలిచిరి. ఊపిరి పీల్చుట యనగా లోపల నెమ్మదిగా జరుగు దహనమే యని వారు తేల్చిరి. పొయ్యిలో కట్టె మండుటకును, మనలో అన్నము మండుటకును గాలిలోని ఆమ్లజనియే యాధారము.

సరే, పొయ్యి యున్నది, కట్టె యున్నది. మంట నెగయించువా డెవడు? ఎవడు విసరినచో నది పెరుగును? ఎవడు మానినచో నది తగ్గును? ఈ ప్రశ్నకు మఱి నూఱేండ్లకు పైగా సమాధానము దొరకలేదు.

ఆ విసరువాడు మెడలో నున్నాడు. కంఠమణికి గ్రిందుగా, శ్వాసనాళమునకు ముందు, ఱెక్కలు విప్పిన సీతాకోకచిలుక యాకారమున నొక గ్రంథి గలదు. దాని బరువు సుమారు 20 గ్రాములు, అనగా రెండు తులములకు లోపు. 1656లో థామస్ వార్టన్ అను నాంగ్లేయ వైద్యుడు దానికి డాలు అను నర్థమిచ్చు గ్రీకుమాటనుండి థైరాయిడ్ అని పేరు పెట్టెను. అది యెందులకున్నదో యాయనకు దెలియదు. స్త్రీల మెడకు నునుపైన యందము నిచ్చుటయు దాని పనులలో నొకటి యని యాయన వ్రాసెను. ఆ గ్రంథి వాచినప్పుడు గలుగు గలగండమును మన సుశ్రుతాచార్యుడు నిదానస్థానమున వర్ణించియే యున్నాడు. వాపు కంటికి గనబడునది కాబట్టి ప్రాచీనులు దానిని గుర్తించిరి. కాని మెడలోని గ్రంథికిని, దేహమంతట వ్యాపించు చలికిని సంబంధ మున్నదని యే దేశపు ప్రాచీనవైద్యుడును స్పష్టముగా జెప్పినట్లు నే నెఱుగను. రెంటికి నడుమ దూరము చాల యున్నది. ఆ దూరమును దాటినవారి కథయే నేటి కథ.

1850లో లండనులో కర్లింగ్ అను శస్త్రవైద్యుడు, శరీరమును మనస్సును ఎదుగని యిద్దఱు బిడ్డలు మరణింపగా వారి దేహములను పరీక్షించి, ఇద్దఱకును మెడలో ఆ గ్రంథి లేదని వ్రాసెను. ఆ మాటను లోక మంతగా పట్టించుకొనలేదు. తరువాత 1873లో అదే నగరమున విలియం గల్ అను ప్రసిద్ధవైద్యుడు కొందఱు నడివయస్సు స్త్రీలను గూర్చి వైద్యసంఘమున నొక వ్యాసము చదివెను. ఆ స్త్రీలు పూర్వ మారోగ్యముగా నున్నవారే. క్రమక్రమముగా ముఖ ముబ్బెను, నాలుక మందమయ్యెను, మాట నెమ్మదించెను, చుఱుకుగా నుండిన మనస్సు నిద్రాళువయ్యెను. గల్ గారు రోగమును గన్నులార చూచిరే గాని కారణము నెఱుగరు. 1878లో విలియం ఆర్డ్ అను మఱియొక వైద్యుడు అట్టివారు మరణించిన పిదప పరీక్షించి, చర్మము క్రింద జిగురువంటి పదార్థము పేరుకొన్నదనియు, మెడలోని గ్రంథి యెండిపోయిన దనియు గనుగొని, ఆ వ్యాధికి మిక్సిడీమా యని పేరు పెట్టెను. గ్రీకుభాషలో ఆ మాటకు శ్లేష్మపు వాపు అని యర్థము. మన భాషలో శ్లేష్మశోఫ మనవచ్చును. గ్రంథి యెండుటయే రోగమునకు మూలమా, లేక రోగముచే గ్రంథి యెండినదా యన్న సంశయము మాత్రము తీరలేదు.

ఆ సంశయము తీరిన విధము దుఃఖకరమైనది. స్విట్జర్లాండు దేశము ఆల్ప్స్ పర్వతములనడుమ నున్నది. ఆ లోయలలో గలగండము మిక్కుటము. కొందఱ మెడలో నది గుమ్మడికాయవలె పెరిగి, ఊపిరి నడ్డగించి ప్రాణము దీయునంతటి దగుచుండెను. బెర్న్ నగరమున థియోడార్ కోహర్ అను శస్త్రవైద్యుడు ఆ గడ్డలను కోసి తీయుటలో నద్వితీయుడు. అంతకు పూర్వ మట్టి శస్త్రచికిత్సలో నెందఱో మరణించుచుండిరి. ఆయన నెమ్మదియైన చేతిలో మరణములు బాగుగ తగ్గినవి. రోగులు మెడ తేలికపడి యిండ్లకు బోవుచుండిరి. విజయము సంపూర్ణమని యందఱు దలచిరి.

1874లో ఆయన యొక బాలికకు గ్రంథి నంతయు దీసివేసెను. కొంతకాలమునకు ఆమెను జూచుచుండిన వైద్యుడు, ఆ పిల్ల స్వభావ మంతయు మాఱిపోయినదని తెలియజేసెను. 1882 సెప్టెంబరులో జెనీవా వైద్యుడగు రెవెర్దాన్ తన రోగులలోను అట్టి మార్పును జూచితినని కోహర్‌తో జెప్పెను. అప్పుడు కోహర్ తాను పూర్వము చికిత్స చేసినవారి నందఱను మరల పిలిపించెను. ఆ బాలికయు వచ్చెను. ఆమెకొక చెల్లె లుండెను. శస్త్రచికిత్సకు పూర్వ మిద్దఱును ఒక్కపోలికగా నుండెడివారు. ఇప్పుడు చెల్లెలు యౌవనవతియై కళకళలాడుచుండగా, అక్క పొట్టిగా, ఉబ్బిన ముఖముతో, మందబుద్ధియై నిలచెను. గ్రంథి పూర్తిగా తీసివేయబడి మరల పరీక్షకు వచ్చిన 18 మందిలో 16 మందికి ఆ మార్పు గలిగినది. వారు చెప్పుకొన్న బాధ లేవనగా: అలసట, కాలుసేతుల బరువు, మఱియు చలి. చేతులు కాళ్లు చల్లబడుచున్నవి, శీతకాలము భరింపలేకున్నాము అని వారు మొఱపెట్టుకొనిరి.

ఇట కోహర్ చేసిన పని గమనింపదగినది. ఆయన తన విజయమునకు మచ్చ వచ్చునని దాచిపెట్టలేదు. 1883 ఏప్రిలులో బెర్లిన్ నగరమున శస్త్రవైద్యుల మహాసభలో ఆ ఫలితముల నన్నింటిని జదివెను. అటుపై సాధారణ గలగండమునకు గ్రంథి నంతయు దీయరాదని నియమము పెట్టుకొనెను. 1909లో నోబెల్ బహుమాన మాయనకు లభించినది. చేతినేర్పు గలవారు లోకమున పెక్కుమంది గలరు. తన చేతిలోనుండి యింటికి బోయినవారిని తొమ్మిదేండ్లకు మరల పిలిచి "ఎట్లున్నావు?" అని యడుగువారు తక్కువ. ఆ ప్రశ్న యడిగినందువలననే సత్యము బయటపడెను.

1883 నవంబరులో లండను సభలో ఫెలిక్స్ సెమన్ అను వైద్యుడు లేచి, గల్ గారు చూచిన స్త్రీల వ్యాధియు, కోహర్ రోగుల వ్యాధియు, ఎదుగని బిడ్డల వ్యాధియు మూడును ఒక్కటియే, మూడింటికిని థైరాయిడ్ గ్రంథి లేమియే మూలము అనెను. సభలోని వారు పరిహసించిరి. అయినను విచారణసంఘ మొకటి యేర్పడెను. విక్టర్ హార్స్‌లీ అను పండితుడు కోతులకు ఆ గ్రంథిని దీసి చూచెను. నూటికి పైగా రోగుల వృత్తాంతములు సేకరింపబడినవి. 1888లో ఆ సంఘము వెలువరించిన నివేదిక సెమన్ మాటయే నిజమని తీర్పు చెప్పెను. పరిహాసమునకును తీర్పునకును నడుమ అయిదేండ్లు గడచినవి.

రోగకారణము తెలియుట వేఱు, మందు దొరకుట వేఱు. గ్రంథి లేకపోవుటచే రోగము వచ్చినచో, ఇతరజంతువు గ్రంథిని దెచ్చి యిచ్చినచో నేమగును? 1890లో లిస్బన్ నగరమున నిద్దఱు వైద్యులు ఒక స్త్రీ చర్మము క్రింద గొఱ్ఱె గ్రంథిని నాటగా, మఱునాటినుండియే యామెకు గుణము కనబడెను. నాటిన గ్రంథి యంత త్వరగా నతుకుకొన నేరదు గదా! కావున దానిలోని రసమే పని చేసియుండునని ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణపు యువకవైద్యుడు జార్జి మరీ తలచెను. అప్పటికాయనకు 26 సంవత్సరముల లోపు వయస్సు. పెద్దలలో కొందఱు ఎగతాళి చేసిరి. ఆయన వెనుదీయలేదు. 1891లో గొఱ్ఱె గ్రంథిని గ్లిజరినుతో నూఱి, వడగట్టి, ఆ రసమును 46 ఏండ్ల స్త్రీకి సూదితో నెక్కించెను. కొలది వారములలో వాపు తీసెను, మాట తేటపడెను, చర్మమునకు చెమట వచ్చెను, ఒంటికి వేడి తగిలెను. ఆమె మఱి 28 ఏండ్లు జీవించి 1919లో తన 74వ యేట మరణించెను. ఆ కాలములో నామెకు గావలసిన మందునకై 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు వినియోగపడినవని మరీగారు లెక్క వ్రాసిరి.

1892లో సూది సయితము అక్కఱలేదనియు, నోటితో దినినను చాలుననియు తేలెను. ఎడ్వర్డ్ ఫాక్స్ అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథిలో సగము కొంచెము వేయించి, సన్నగా తఱిగి, పండ్లపాకముతో గలిపి వారమున కొకసారి తినుమని యాజ్ఞాపించెను. నేటి చిన్న తెల్లమాత్రకు పూర్వజన్మ మదియే.

ఇక చలి యెందులకు గలుగునో తేల్చినవాడు బెర్లిన్‌లోని మాగ్నస్‌లేవీ. 1895లో నాతడు, ఊరక పండుకొనియున్న మనిషి యెంత ఆమ్లజనిని వినియోగించునో కొలిచెను. ఈ వ్యాధి గలవారిలో నది సామాన్యునికంటె చాల తక్కువ. గ్రంథి రస మిచ్చినచో నది పెరుగును. అనగా లవోషియే చెప్పిన పొయ్యికి విసరువాడు దొరకినాడు. రోగి చలి యని యనుట భ్రమ గాదు, బలహీనత గాదు. నిజముగనే యాతని పొయ్యి మందగించి మండుచున్నది. ఎన్ని దుప్పట్లు గప్పినను, దుప్పటి లోపలి వేడిని బోనీయక నిలుపునే కాని లేని వేడిని పుట్టింపజాలదు.

ఆ రసములోని సారమేమి? 1811లో పారిస్‌లో కుర్త్వా అను నాతడు సముద్రపునాచును గాల్చిన బూడిదనుండి ఊదారంగు పొగగా లేచు నొక క్రొత్త పదార్థమును జూచెను. అదియే అయొడిన్. 1820లో జెనీవా వైద్యుడు క్వాందే దానిని గలగండమునకు మందుగా వాడెను. 1895-96 ప్రాంతమున జర్మనీలో బౌమన్ ఆ అయొడిన్ థైరాయిడ్ గ్రంథిలోనే కలదని కనుగొనెను. 1914 డిసెంబరు 25వ తేదీని అమెరికాలో ఎడ్వర్డ్ కెండల్ ఆ గ్రంథిసారమును శుద్ధమైన స్ఫటికములుగా దీసెను. దానికి థైరాక్సిన్ అని పేరు. దాదాపు 3 టన్నుల పంది గ్రంథులనుండి ఆయనకు లభించినది 33 గ్రాములు. 1926-27లో హారింగ్టన్, బార్జర్ అను నిద్దఱు ఇంగ్లండులో దాని నిర్మాణమును దెలిసికొని, ప్రయోగశాలలో దానిని దయారు చేసిరి. పిదప క్రమక్రమముగా గొఱ్ఱెల యవసరము తీరెను.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. అయొడిన్ భూమిలో సమముగా లేదు. వానలు, మంచుకరగిన నీళ్లు కొండభూములలోని అయొడిన్‌ను కడిగి సముద్రమునకు జేర్చినవి. కావున ఆల్ప్స్ లోయలలోవలెనే హిమాలయపు లోయలలోను గలగండము తరతరములుగా నున్నది. స్విట్జర్లాండులో 1922లో ఉప్పున అయొడిన్ గలుపుట ప్రారంభమయ్యెను. మన దేశమున ఆ మార్గమును శాస్త్రీయముగా రుజువు చేసినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1956లో తన సహచరులతో హిమాచలములోని కాంగ్రా లోయలో పని ప్రారంభించిరి. లోయను మూడు భాగములుగా విభజించి, రెండింట అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానిలో సాదా ఉప్పును పంచిరి. కొన్నియేండ్లకు చూడగా, మొదటి రెండు భాగములలో బడిపిల్లల మెడవాపులు బాగుగ తగ్గెను, మూడవదానిలో తగ్గలేదు. పిదప ఆ మూడవ భాగమునకును అయొడిన్ ఉప్పు నిచ్చిరి, అచ్చటను తగ్గెను. 1962లో భారతప్రభుత్వము గలగండ నివారణ కార్యక్రమమును బ్రారంభించినది. నేడు మన వంటయింటి ఉప్పుపొట్లముపై అయొడిన్ అని వ్రాసియుండుటకు వెనుక నింత చరిత్ర గలదు. ఆ రామలింగస్వామిగారు 2001లో కాలధర్మము నొందిరి.

అయినను ఉప్పుతోనే సర్వము తీరలేదు. 1912లో జపాను వైద్యుడు హషిమోటో మఱియొక విధమగు గ్రంథివ్యాధిని వర్ణించెను. 1956లో లండనులో డోనియాక్, రోయిట్, క్యాంప్‌బెల్ అనువారు దాని రహస్యమును గనుగొనిరి. శత్రువులను బారద్రోలుటకు దేహములో నున్న రక్షకశక్తి పొరబడి స్వంత గ్రంథినే శత్రువనుకొని నాశనము చేయును. కావలివాడే యిల్లు దోచినట్లు. అయొడిన్ ఉప్పు తినువారికిని ఇది రావచ్చును. పురుషులకంటె స్త్రీలకు పెక్కురెట్లు అధికముగా వచ్చును. కొన్ని కుటుంబములలో తల్లికి, కూతునకు, అప్పచెల్లెండ్రకు గనబడును.

గ్రంథి యొక్కటియే చలికి కారణమనిన నది యసత్యమగును. మన గ్రామములలో దానితో సమానమైన కారణము రక్తహీనత. రక్తములోని యెఱ్ఱకణములు ఆమ్లజనిని మోయు బండ్లు. బండ్లు తగ్గినచో పొయ్యికి గాలి తగ్గును. మన పూర్వులు దీనిని పాండురోగ మనిరి. చరకసంహితలో దానికి ఇనుముతో జేసిన యోగములు చెప్పబడియున్నవి. ఇనుము లోపించుట, కొంకిపురుగులు రక్తము పీల్చుట, స్త్రీలకు మాసమాసమును రక్తము మిక్కిలిగా బోవుట, మూలవ్యాధి, కడుపులో పుండ్లు, ఇవి యిందులకు హేతువులు. ఇనుమేగాక విటమినులు లోపించినను రక్తహీనత గలుగును. 1928 మొదలుకొని లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయి గర్భిణీస్త్రీలలో అట్టి రక్తహీనతను బరిశోధించెను. ఆ లోపమును దీర్చు ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఇతరకారణములును గలవు. తిండి చాలక చిక్కిపోయినవారికి, ముఖ్యముగా ఆకలి చచ్చిన వృద్ధులకు, పొయ్యిలో కట్టెయే లేదు. చుట్ట, బీడీ త్రాగువారికి రక్తనాళములు సన్నగిలి పాదములు చల్లబడును. మధుమేహము ముదిరినవారికి నరములు చెడి పాదములు తాకిన వేడిగా నున్నను చల్లగా దోచవచ్చును. చలి తగిలిన వెంటనే వ్రేళ్లు తెల్లబడి, నీలమై, పిదప ఎఱ్ఱబడు వ్యాధిని 1862లో మారిస్ రేనో అను ఫ్రెంచివైద్యుడు వర్ణించెను. రక్తపుపోటునకు, గుండెకు వాడు కొన్ని మందులవలనను చేతులు కాళ్లు చల్లబడును. ఇక గజగజ వణకించి, పిదప జ్వరము కాయించి, చెమట పట్టించి వదలు చలి వేఱు. అది మలేరియా మొదలగు జ్వరముల చలి. దానికి ఆలస్యము చేయక రక్తపరీక్ష చేయింపవలెను. నేను చెప్పునది రాక పోక లేక, నెలల తరబడి నిలిచియుండు చలిని గూర్చి.

ఈ చలిని జూచియు జూడక వదలినచో నేమగును? 1949లో లండను వైద్యుడు రిచర్డ్ ఆషర్ 14 గురు రోగుల వృత్తాంతములను ప్రకటించెను. వారందఱకును మతి చెడినది. మూలము మెడలోని గ్రంథియని తెలిసి మం దిచ్చినపుడు వారిలో పెక్కుమంది తేఱుకొనిరి. ఆ వ్యాసము రానిచో నెందఱు పిచ్చివారను పేరుతో జీవితము ముగించెడివారో! పసిబిడ్డల విషయము మఱింత ఘోరము. పుట్టుకతోనే గ్రంథి లేని బిడ్డకు మొదటి వారములలో మందు పడనిచో ఎదుగవలసిన మెదడు ఎదుగదు. తరువాత నెంత మందిచ్చినను ఆ నష్టము పూర్తిగా తీరదు. 1970ల నడుమ కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున జాన్ దుస్సో అను వైద్యుడు నవజాతశిశువుల మడమనుండి రక్తపుచుక్క దీసి పరీక్షించు పద్ధతిని బ్రవేశపెట్టెను. కర్లింగ్ 1850లో మరణించిన బిడ్డల మెడలో జూచిన దానిని, నేడు పుట్టిన కొలదిదినములలోనే గనుగొని బిడ్డను రక్షింపవచ్చును. మీ యింట ప్రసవమైనపుడు ఆ పరీక్ష చేసితిరా యని యాసుపత్రిలో నడుగుడు. బడిపంతులుగా నొక మాట చెప్పెదను: ఎదుగుదల నిలిచి, తరగతిలో నిద్రపోవుచు, ఇంతకుముందు వచ్చిన పాఠము నిప్పుడు చెప్పలేని పిల్లవానిని బెత్తమునకు బదులు వైద్యునికడకు బంపవలెను.

వృద్ధుల సంగతి యిట నున్న పెద్దలకు ముఖ్యము. చర్మ మెండుట, జుట్టు రాలుట, మలబద్ధము, గొంతు బొంగురు పోవుట, మఱపు, నిద్రమత్తు, నాడి నెమ్మదించుట, తిండి పెరుగకయే యొళ్లు బరువెక్కుట, వీనితో చలి కూడినచో దానిని వార్ధక్య మని తోసివేయరాదు. ఈ లక్షణము లన్నియు ముసలితనపు వేషము వేసికొని వచ్చును; అందువలననే మోసపోవుదుము. చికిత్స లేని వృద్ధులు చలికాలమున మత్తులో మునిగి, ఒళ్లు చల్లబడి, స్పృహ దప్పిపోవుటయు గలదు. అట్టిస్థితి గనబడినచో తెల్లవాఱనిండని యాగక వెంటనే పెద్దాసుపత్రికి జేర్పవలెను.

నేడు విచారణ కష్టమైనది గాదు. కొంచెము రక్తము దీసి, రక్తపు సత్తువ యెంతో, థైరాయిడ్ గ్రంథిని ప్రేరేపించు టీఎస్‌హెచ్ అను రస మెంతో చూచెదరు. మెదడు క్రింద నున్న యొక చిన్నగ్రంథి ఆ రసమును బంపును. థైరాయిడ్ సోమరియైనచో యజమాని గొంతు పెంచి పిలిచినట్లు ఆ రసము పెరుగును. మాత్ర అవసరమైనచో ప్రతిదినము ఉదయమున పరగడుపున మంచినీళ్లతో వేసికొనవలెను. ఇనుపమాత్రలు, సున్నపు మాత్రలు దానితో గలిపి వేసికొనరాదు. గుణము కనబడినదని మానరాదు. మరీగారి రోగి 28 ఏండ్లు మానలేదు, కాబట్టియే బ్రదికెను. పొరుగువారి మాత్రను, స్వంత యూహతో మోతాదును వాడరాదు. ముఖ్యముగా గుండెజబ్బు గల వృద్ధులకు మోతాదు కొంచెము కొంచెముగా వైద్యుడే పెంచవలెను.

ఈ చరిత్రను మరల నొకసారి తలచికొందము. ఇందు గొప్ప యంత్రములు ముందు రాలేదు; గొప్ప మందులు ముందు రాలేదు. ముందు వచ్చినది రోగి చెప్పుకొన్న మాట. బెర్న్ నగరమున పదునెనిమిదిమంది వచ్చి తమ బాధ చెప్పుకొన్నపుడు విన్న వైద్యు డొకడుండెను. ఆయన వినక, "మీ మెడ బాగైనది గదా, ఇంకేమి?" యని పంపివేసినచో, మఱి యెంతకాలము లోక మా రహస్యము నెఱుగకుండెడిదో! మన యిండ్లలోను చలి యనువారు గలరు. వారు పెక్కుమారు లనుటచేత మన చెవులకు అలవాటైపోయి, ఆ మాట వినబడకుండ పోవును. వారికి దుప్పటి యిచ్చుట మంచిదే. కాని దుప్పటితో నాగక, ఎన్ని నెలలనుండి యున్నది, ఇంకేమేమి బాధలున్నవి యని కూర్చుండి యడిగి, ఒక్కసారి రక్తపరీక్షకు గొనిపోవుట గృహస్థుల ధర్మము. గ్రామపెద్దలు తలచుకొన్నచో ఈ మాట రచ్చబండనుండి ప్రతి గడపకును జేరును.